పేరు టైపు చెయ్యండి

చర్ల బస్టాండు పక్క అరుగు మీద సాయంత్రం అయిదయితే పిల్లలు చేరతారు. నలుగురైదుగురు, తలా ఒక ఫోను, వంచిన తల ఎత్తరు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా వచ్చే బస్సు చెవుల దగ్గర హారను కొట్టినా కదలరు. విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవి మీదికి దూకి, ఆఖరికి ఒక్కడు మిగిలేదాకా ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట. వాళ్ళలో ఇద్దరు కోయ పిల్లలు, ఒకడు కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి, ఒకడు మా ఆపా కొడుకు. తెర మీద మావాడి పేరు 'కింగ్ రైడర్' అని ఉంది.

నీ పేరే పెట్టుకోకపోయావా అని అడిగాం. వాడు తలెత్తకుండానే, "నామ్ దేఖ్తేఇచ్ గాలీ దేతే మామూ" అన్నాడు. పేరు చూడగానే తిడతారట. మొదట్లో సొంత పేరే పెట్టుకున్నాడు. మైకులో ఎవడో, ఊరూ పేరూ తెలియనివాడు, పైగా తన జట్టులోనివాడే, పాకిస్తాన్ వెళ్ళి ఆడుకోరా అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. ఆ రాత్రే మావాడు పేరు మార్చేశాడు. పదిహేనేళ్ళ పిల్లాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పుకోవలసిన సంగతని కూడా అనుకోలేదు. చెప్పులో రాయి పడితే దులుపుకుని నడిచినట్టు నడిచేశాడు.

మా చిన్నతనంలో మా మామూ ఒకాయన విజయవాడలో అద్దె గది కోసం పేరు మింగాడు. షేక్ అనకుండా 'బాషా' అని మాత్రం చెప్పి, అది కూడా ఓనరుకు 'భాష'లా వినపడేలా చెప్పి, రెండేళ్ళు కాపురం చేశాడు. గది అంటే సరే, తల దాచుకోవాలి. ఆట కోసం కూడా పేరు దాచుకోవాలా?

కంప్యూటరుకు కులం లేదు, మతం లేదు అని మా సెక్యులర్ మిత్రులు ముప్పయ్యేళ్ళుగా మాకు చెబుతున్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ తమ పేరు రెండోసారి టైపు చెయ్యాల్సిన అవసరం పడనివాళ్ళే. ఏ యంత్రం ముందు కూర్చున్నా అది అడిగే మొదటి ప్రశ్న అదే కదా. ఆధారు కేంద్రంలో, మీసేవలో, రైలు టిక్కెట్టులో, ఆటలో, అన్నిట్లో ముందు పేరు టైపు చెయ్యండి. మీకు అది ఖాళీ గడి. మాకు అది చెక్‌పోస్టు. అడవి సరిహద్దులో బస్సు ఆపి, దించి, కార్డులు చూపించమనే చెక్‌పోస్టులు మా ఊరివాళ్ళకు కొత్త కాదు. అందుకే ఆ పోలిక మాకు వెతక్కుండానే దొరుకుతుంది.

వీడియో గేములు మాకు ఫోన్లతో రాలేదు. తొంభైల్లో తిరునాళ్ళప్పుడు టీవీకి తగిలించి అద్దెకు ఆడించేవాళ్ళు. పసుపుపచ్చ క్యాసెట్టు, దాని మీద లోపల లేనన్ని ఆటలున్నాయని అబద్ధపు అంకె. మారియో, కాంట్రా. కాంట్రాలో ఇద్దరు సైనికులు, ఎదురుగా వేరే గ్రహం నుంచి వచ్చిన జీవులు. మేం ఆ ఇద్దరిలో ఒకళ్ళం. మా పక్కన ఎవడు కూర్చుంటే వాడు రెండోవాడు. అప్పటికి అయోధ్యలో 1992 డిసెంబరు జరిగిపోయింది. బయట మేం ఎవరమో అందరూ చెబుతున్నారు. ఆ టీవీ ముందు మాత్రం ఎవరూ చెప్పలేదు. మావాళ్ళలో చాలామందికి ఆ ఆటలంటే ఇప్పటికీ ప్రాణం ఎందుకో, ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇది కూడా ఒక కారణం.

తర్వాత నల్ల తెర డాస్ కంప్యూటర్ల మీద ప్రిన్స్ ఆఫ్ పర్షియా చూశాం. జోర్డన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు 1989లో చేసిన ఆట. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే గీసి ఆటలోని మనిషికి ఆ నడక తెచ్చాడట. నిజంగానే అందమైన ఆట. అంచు పట్టుకుని వేలాడే ఆ రాకుమారుడి భుజాల్లో బరువు కనపడేది. అరేబియన్ కథల్లోని మేడ, కమాన్లు, దివిటీలు. మేం పొంగిపోయాం. మా మేడ! మా రాకుమారుడు! తీరా చూస్తే ఆ రాకుమారుడికి పేరు లేదు. ఆటంతా అయిపోయినా పేరు లేదు. పేరున్నది విలనుకు. జాఫర్. మా ఇళ్ళల్లో ముగ్గురు జాఫర్లున్నారు, ఒకాయన వెల్డింగు షాపు, ఇంకొకాయన లారీ డ్రైవరు. కథానాయకుడికి మా బట్టలిచ్చి ప్రతినాయకుడికి మా పేరిచ్చారన్నమాట. మూడేళ్ళ తర్వాత డిస్నీ వాళ్ళ అలాద్దీన్ సినిమా వచ్చింది, అందులోనూ దుష్టమంత్రి జాఫరే.

1991లో గల్ఫ్ యుద్ధం ముగిసింది. 1992లో సెగా యంత్రం మీద డెజర్ట్ స్ట్రైక్ అని ఆట వచ్చింది. అమెరికన్ హెలికాప్టరు ఎక్కి ఎడారిలో కాల్చుకుంటూ పోవడం. శత్రువు పేరు జనరల్ కిల్బాబా. అది ఏ భాషలో పేరో మాకు తెలియదు, ఏ తల్లి పెట్టుకుంటుందో తెలియదు. అసలు పేరు పెట్టడానికి కూడా ఓపిక లేకపోయింది వాళ్ళకు. పత్రికల్లో యుద్ధం వార్త పాతబడక ముందే పిల్లల చేతికి అది ఆటయి వచ్చేసింది. మా గల్లీల నుంచి గల్ఫుకు పోయి సిమెంటు మోసినవాళ్ళకు ఆ ఎడారి ఇంకోరకంగా తెలుసు.

ఆ తర్వాత వచ్చిన కౌంటర్ స్ట్రైక్ గురించి చెప్పనవసరం లేదు. హైదరాబాదు అమీర్‌పేట కోర్సులకెళ్ళిన ప్రతివాడూ ఇంటర్నెట్ కేఫుల్లో ఆడినవాడే. ఒక జట్టు టెర్రరిస్టులు, ఒక జట్టు వాళ్ళను చంపేవాళ్ళు. ఆ ఆటలో పేరు మోసిన చోటు డస్ట్. ఇసుక రంగు గోడలు, కమాన్లు, చెక్కపెట్టెలు. మేం ఆ గోడల వెంబడి వందసార్లు పరిగెత్తాం. ఒక్క మనిషి కాపురముండడు అక్కడ. ఒక చాయ్ దుకాణం లేదు, ఒక తాడు మీద ఆరేసిన బట్ట లేదు, గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్న దాదీ లేదు. ఇల్లుంది, ఇంట్లోవాళ్ళు లేరు. ఇంట్లోవాళ్ళు ఉంటే కాల్చబుద్ధి కాదు కదా. చంపడానికి ముందు ఊరు ఖాళీ చెయ్యాలి. ఆటలో అయితే ఆ ఖాళీ చేసే పని ముందుగానే బొమ్మలు గీసేవాళ్ళు చేసిపెడతారు. ఈ ఆటల మీద మా అసలు అభ్యంతరం ఇది. రక్తం ఎక్కువైందని కాదు. పిల్లలు చెడిపోతారని కాదు. అది మా మౌల్వీసాబూ అంటాడు, మీ హెడ్మాస్టరూ అంటాడు, ఇద్దరూ ఆట ఎప్పుడూ చూడలేదు.

2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ, మోడర్న్ వార్‌ఫేర్ రెండో భాగంలో కరాచీ నగరం పేరుతో ఒక చోటుంది. ఆ వీధుల్లో దుకాణాల బోర్డులు అరబ్బీలో ఉంటాయి. కరాచీలో బోర్డులు ఉర్దూలో ఉంటాయని ఆ కంపెనీలో ఒక్కరికీ తట్టలేదు. లక్షల డాలర్లు పోసి తుపాకీ మీద గీత కూడా తేడా రాకుండా గీసినవాళ్ళు, ఒక నగరం ఏ భాష చదువుతుందో కనుక్కోవడానికి ఒక్క ఫోను చెయ్యలేదు. 1948 తర్వాత దక్కను నుంచి వెళ్ళినవాళ్ళు కట్టుకున్న హైదరాబాద్ కాలనీ అనే పేట ఇవాళ్టికీ ఉంది ఆ కరాచీలో. అక్కడ అమ్మే బగారా బైంగన్ మా ఇళ్ళలో వండేదే. ఆ ఊరితో మాకు దేశభక్తి పరీక్ష పెడతారు గనక ఈ మాట చెప్పడానికి కూడా మాకు కొంచెం ధైర్యం కావాలి, ఆ సంగతీ ఇక్కడే చెప్పుకుంటున్నాం.

అదే వరసలో 2021 నవంబరులో వచ్చిన వాన్‌గార్డ్‌లో ఖురాను పుటలు నేల మీద చిందరవందరగా పడున్న దృశ్యం పెట్టారు. ముస్లిం ఆటగాళ్ళు గోల చేశారు. యాక్టివిజన్ కంపెనీ అరబ్బీలో క్షమాపణ చెప్పి వాటిని తీసేసింది. మంచిదే. కాని అంతకుముందు పద్నాలుగేళ్ళుగా అదే వరస ఆటల్లో ఇసుక వీధుల్లో పడ్డ పేర్లు లేని శవాలకు ఎవరూ క్షమాపణ అడగలేదు, మేమూ అడగలేదు. కాగితం కింద పడితే మేం లేస్తాం. మనిషి కింద పడితే ఆటే కదా అంటాం. ఇది మామీద మాకున్న ఫిర్యాదు.

2008లో ఇంకో తమాషా. లిటిల్ బిగ్ ప్లానెట్ అని పిల్లల ఆట. దానిలో మాలీ దేశపు సంగీతకారుడు తూమానీ దియాబాతే పాట ఒకటుంది. పాటలో ఖురాను మాటలున్నాయని ఎవరో ఉత్తరం రాస్తే, సోనీ కంపెనీ అప్పటికే అచ్చయిన ఆట విడుదలను ఆపేసి, పాట మాటలు తీసేసి మళ్ళీ ఇచ్చింది. ఆ పాట కట్టినాయనే ముస్లిం. మావైపు ప్రవక్త మాటలు పాటలో పాడుకోవడం మామూలేనని ఆయన చెప్పుకున్నాడు. దర్గాల్లో ఖవ్వాలీ విని పెరిగిన మాకు ఆయన మాట అర్థమవుతుంది. కాని ముస్లిం అంటే కోపం వచ్చేవాడే తప్ప పాడేవాడు కూడానని కంపెనీకి తట్టదు. భయపడి తీసేశారు. భయం గౌరవం కాదని మావాళ్ళలో కొందరికి చెప్పడం కూడా కష్టమే, వాళ్ళకది విజయంలా కనపడింది.

మరి జవాబుగా మావాళ్ళు చేసిన ఆటలు? 2001లో డమాస్కస్ నుంచి అండర్ యాష్ అని ఒకటొచ్చింది, పాలస్తీనా కుర్రాడు రాయి పట్టుకుని మొదలయ్యేది. 2003లో హిజ్బుల్లా వాళ్ళు స్పెషల్ ఫోర్స్ అని చేశారు. మొదటిదాంట్లో కుర్రాడికి ఒక పేరూ ఒక వీధీ ఉన్నాయి, అంతవరకు ఒప్పుకుంటాం. రెండోది మాకు నచ్చలేదు. తుపాకీని అటునుంచి ఇటు తిప్పి పట్టుకున్నారు, అంతే. ఖాళీ వీధి ఖాళీగానే ఉంది.

కరాచీ బోర్డుల సంగతికి మళ్ళీ వస్తాం. ఎందుకంటే అది ఒక్క ఆట చేసిన తప్పు కాదు, మా చేతిలో ఫోను రోజూ చేసే తప్పు. ఉర్దూ రాసే పద్ధతి నస్తాలీక్. పైనుంచి కిందికి వాలుతూ, ఒక అక్షరం ఇంకోదాని భుజం మీద తల పెట్టుకున్నట్టు ఉంటుంది. అరబ్బీ నస్ఖ్‌లా గీత మీద వరసగా నిలబడదు. అందుకే అచ్చుయంత్రానికి లొంగలేదు. వందేళ్ళపాటు ఉర్దూ పత్రికలు కాతిబులు చేత్తో రాసిందే అచ్చేశారు. చెన్నైలో 1927 నుంచి వస్తున్న ది ముసల్మాన్ పత్రిక ఆ పని ఈ శతాబ్దంలోకీ తెచ్చింది. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీతో కలిసి దాదాపు 20 వేల అక్షరాల కూర్పులు విడివిడిగా రాసి నూరీ నస్తాలీక్ తెచ్చాడు. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు చేసింది. సరిహద్దుకు ఆవల రాసిన అక్షరాలు ఇవతల చేసిన సాఫ్ట్‌వేరులో కూర్చుని రెండు దేశాల పత్రికలనూ నడిపించాయి. ఈ సంగతి ఎవరూ ఎక్కడా గొప్పగా చెప్పుకోరు. ఫోన్లు వచ్చాక మళ్ళీ మొదటికొచ్చింది కథ. ఉర్దూ కొడితే అరబ్బీ వేషంలో నిలబడేది. గూగుల్ తన నస్తాలీక్ ఖతిని 2014లో ఇచ్చింది. యాపిల్ ఫోన్లలో 2017లో గాని రాలేదు. కరాచీ బోర్డు తప్పు గీసిన కళ్ళూ ఈ కళ్ళూ ఒకటే. దూరం నుంచి చూస్తే అన్నీ పురుగులు పాకినట్టే ఉంటాయి గదా అనే కళ్ళు.

నిజం చెప్పాలి. చర్లలో మాలో ఉర్దూ చదవగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మేం తెలుగు మీడియంలో చదివాం. మసీదులో హాఫిజ్‌సాబ్ దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చి ఖురాను ఓదుతాం, అర్థం తెలియదు. ఇంట్లో మాట్లాడేది మీ తెలుగూ కాదు, లక్నో ఉర్దూ కాదు. దాన్ని ఏ లిపిలో రాస్తాం? తెలుగులోనే. కాబట్టి మా పోరాటం నస్తాలీక్‌తో అయిపోదు. 'అమ్మీ' అని కొడితే ఫోను 'అమ్మి' అని దిద్దుతుంది. పక్కనే 'అమ్మిన', 'అమ్మకం' అని సలహాలు కూడా ఇస్తుంది. మా తల్లిని పిలుద్దామంటే సంత పెడుతుంది.

పేర్ల దగ్గర ఇంకా ఘోరం. మా పేర్లలో కొన్ని చప్పుళ్ళు తెలుగు లిపిలో లేవు. గఫార్‌లో గొంతులోంచి వచ్చే ఘైన్ లేదు. ఫాతిమా ఫ, జుబేదా జ లేవు. బళ్ళో పంతులుగారు తన చెవికి విన్నట్టు రాశారు. పాతిమా, కాదరు, గపూరు, జానీబాషా. ఆ రిజిస్టరు చూసి గుమాస్తా ఇంగ్లీషులోకి రాశాడు. ఆ ఇంగ్లీషును కంప్యూటరు మళ్ళీ తెలుగులోకి తిప్పింది. అందుకే కార్డుల మీద మేం 'షైక్' అవుతున్నాం, తెలుగులో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ మాట అనగా మేం వినలేదు. మొహమ్మద్‌ను కుదించి రెండక్షరాలు చేస్తే యంత్రం 'ఎండి' అని చదివింది. మావాడొకడు భద్రాచలం ఆస్పత్రిలో మందులు రాసే డాక్టరనుకుని ఒక పెద్దాయన చీటీ చూపించాడంటే నవ్వుకున్నాం గాని, రేషను కార్డులో ఎండి, ఆధారులో మొహమ్మద్, టెన్త్ మెమోలో మహ్మద్ అని ఉన్నవాడు ముగ్గురు మనుషులని యంత్రం తేల్చినప్పుడు ఎవరూ నవ్వలేదు.

అక్షరం కింద చుక్క పెడితే ఈ చప్పుళ్ళు పలుకుతాయి. హిందీలో ఆ నుక్తా ఎప్పటినుంచో ఉంది. తెలుగు నుక్తాకు యూనికోడ్ 14.0లో, అంటే 2021లో, చోటు దొరికింది. ఒక చుక్క. దానికి అంతకాలం. కోడు దొరికినా అది ప్రతి ఖతిలోకి, ప్రతి కీబోర్డు మీదికి రావాలి. మా చేతిలో ఉన్న ఫోన్లలో వెతికాం, కనపడలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పుడు ఆ మచ్చ వేరు. ఇప్పుడు మేం మా అక్షరాల కింద మా అంతట మేమే ఒక మచ్చ పెట్టుకుంటామని అడుగుతున్నాం.

ఇక్కడ ఒక మాట. ఈ అడవిలో లిపి లేదనిపించుకున్నవాళ్ళు మేం మాత్రమే కాదు, మేం మొదటివాళ్ళమూ కాదు. మా దుకాణాలు నిలబడ్డ నేల కోయలది. 1970 భూబదలాయింపు చట్టం ప్రకారం మాకిక్కడ సెంటు కొనే హక్కు లేదు. అది న్యాయమేనని మాలో కొందరం అంటాం, ఇంట్లో తిట్లు తింటాం. కోయకు చుట్టమైన గోండీకి మసారం లిపి 2017లో, ఆదిలాబాదు గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. అరుగు మీద ఆ ఇద్దరు కోయ పిల్లలు కూడా ఆటలో తమ పేర్లు పెట్టుకోలేదు. ఎందుకని వాళ్ళను అడగలేదు. అడగడం మాకు తట్టలేదు. ఇది రాస్తుంటే తట్టింది.

పేరు తప్పయితే ఏమవుతుందని అడిగే మిత్రులకు రేషను కార్డు సంగతి చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే కంప్యూటరు వ్యవస్థ పెట్టింది. రకరకాల శాఖల జాబితాలన్నీ కలిపి, పేరూ చిరునామా పోల్చి, ఈ పేరున్నవాడే ఆ కారున్నవాడు అని తేలుస్తుంది. 2014 నుంచి 2019 లోపు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, మాటా పలుకూ లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చూడమంది. 2024 జనవరిలో అల్‌జజీరా ప్రచురించిన పరిశోధనలో హైదరాబాదు ముస్లిం స్త్రీ ఒకామె కథ ఉంది. భర్త రిక్షా తొక్కేవాడు. యంత్రం ఆయనకు కారుందని చెప్పింది. కారు ఇంకొకరిది, రెండు పేర్లూ ఇంచుమించు ఒకటే. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

ఇది మా మీద కక్షతో చేసిన యంత్రమని మేం అనడం లేదు. తప్పులో దళితులూ ఆదివాసీలూ అందరూ పడ్డారు. కాని ఒక్కసారి ఆలోచించండి. మీకు ఇంటిపేర్లు వందలున్నాయి. మా ఊళ్ళో మసీదుకొచ్చేవాళ్ళను నిలబెడితే షేకులు, సయ్యదులు, మొహమ్మదులు, పఠాన్లు, నాలుగు పేర్లలో ముప్పాతిక వంతు ఇమిడిపోతాం. ఇంటిపేరుతో మనిషిని పట్టుకునే లెక్క కట్టినవాడి మనసులో ఉన్న ఇల్లు మాది కాదు. లెక్కలో ద్వేషం అక్కర్లేదు, మేం గుర్తుకు రాకపోతే చాలు.

ద్వేషమే పనిగా పెట్టుకున్న లెక్కలు వేరే ఉన్నాయి. 2021 జులైలో సుల్లీ డీల్స్ అని ఒక యాప్ వచ్చింది. ఆ మొదటి మాట ముస్లిం స్త్రీలను తిట్టే బూతు. 80 మందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలు, పేర్లు వాళ్ళ ఖాతాల నుంచి ఎత్తుకొచ్చి, ఇవాళ్టి బేరం ఈమె అని చూపించేది. ఆరు నెలలు ఎవరినీ పట్టుకోలేదు. 2022 జనవరి 1న బుల్లీబాయి అని రెండోది వచ్చింది, ఈసారి 100 మందికి పైగా. 2016లో జేఎన్‌యూ నుంచి మాయమైన నజీబ్ అనే విద్యార్థి తల్లిని కూడా అందులో పెట్టారు. రెండూ ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పని దాచుకునే గిట్‌హబ్‌లోనే నిలబెట్టారు. దాన్ని 2018లో మైక్రోసాఫ్ట్ కొంది. పట్టుబడ్డవాళ్ళలో ఇంజనీరింగు చదివే ఇరవయ్యేళ్ళ పిల్లలున్నారు. ఆటలో మావాణ్ణి తిట్టిన కుర్రాడి వయసే ఉండొచ్చు వాళ్ళది. కోడు రాయడం నేర్పిన కాలేజీ, ఆ కోడుతో ఎవర్ని అమ్మకూడదో నేర్పలేదు.

ఆ వారం మా ఇళ్ళల్లో ఏం జరిగిందో చెప్తాం. ఆ యాప్ సంగతి చర్లలో తెలిసినవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ వెంటనే చేసిన పని తమ ఇంటి ఆడపిల్లల ఫోన్లు తీసుకుని ఫోటోలు తీసేయించడం. ఇంటర్ చదివే మా పిల్ల ఒకతి, "నేనేం చేశాను మామూ?" అంది. మా దగ్గర జవాబు లేదు. మేం అంతకుముందు కూడా వాళ్ళకు ఫోను ఇచ్చింది తక్కువే. వాళ్ళెవరో చేసిన వేలం మాకు మంచి సాకయింది. అన్న చేతిలో ఆట, చెల్లెలి చేతిలో చీపురు అలాగే ఉన్నాయి. ఆమె ఇప్పుడు తన ఫోటో ఉండేచోట గులాబీ పువ్వు బొమ్మ పెట్టుకుంది. పేరు తీసేసి అన్న పేరు పెట్టుకుంది.

ఈ పరిశ్రమకు హైదరాబాదు రాజధాని అని మన పాలకులందరూ, ఏ పార్టీవాళ్ళయినా, ఛాతీ విరుచుకున్నారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. తెలుగు ముస్లిం కవుల సంకలనం 'జల్జలా' అదే ఏడాది వచ్చింది. ఆ రెండూ ఒకే సంవత్సరం పిల్లలు. ఆ చుట్టుపక్కల మణికొండలో 1654 ఎకరాలు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూములని వక్ఫ్ బోర్డు వాదించింది. ప్రభుత్వం ఆ భూముల్లోంచి లాంకోకూ మైక్రోసాఫ్ట్‌కూ ఇన్ఫోసిస్‌కూ విప్రోకూ ఇచ్చింది, ఆ మాటకొస్తే మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయానికీ ఇచ్చింది. 2012లో హైకోర్టు వక్ఫ్ వైపు నిలబడింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి భూమి ప్రభుత్వానిదే అని తేల్చింది. తీర్పు తీర్పే. కోర్టు కాగితాల బయట ఉన్న మాట ఒక్కటి అడుగుతాం. ఆ అద్దాల మేడల్లోకి మా పిల్లలు ఎవరెవరై వెళ్తున్నారు? చర్ల నుంచి వెళ్ళినవాళ్ళలో మాకు తెలిసినవాళ్ళు క్యాబు తోలుతున్నారు, బిర్యానీ పొట్లాలు మోస్తున్నారు. ఆర్డరిచ్చినవాడి ఫోనులో పొట్లం తెచ్చేవాడి పేరు ముందే కనపడుతుంది. పేరు చూసి ఆర్డరు వద్దన్నారని ఒకడు చెప్పాడు. అక్కడ మాత్రం పేరు మార్చుకునే వీలు లేదు, ఆధారు చూసిగాని పనివ్వరు.

మా జిల్లా పేరు కూడా 2016 అక్టోబరులో మారింది, ఖమ్మం పోయి భద్రాద్రి కొత్తగూడెం అయింది. దానికి మేమేమీ అనుకోలేదు. ఆ రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు వెళ్ళే ఆచారం తానీషా నుంచి వచ్చిందని ఏటా మైకులో చెబుతూనే ఉంటారు. ఒక్క తురక పేరు మైకులో తిట్టు లేకుండా వినపడే రోజు అది.

విమర్శ రాసి నచ్చిన ఆట ఒక్కటీ చెప్పకపోతే మా పిల్లలే మమ్మల్ని ముసలాళ్ళంటారు. 2017లో ఫ్రాన్సు నుంచి ఒకటొచ్చింది. పేరును తెలుగులో చెప్పాలంటే 'నన్ను మట్టిలో పెట్టేవరకూ నువ్వుండు' అనాలి. నాకంటే ముందు నువ్వు పోకు అని సిరియావాళ్ళు ప్రేమగా అనే మాట అది. నూర్ అనే ఆమె హోమ్స్ నగరం వదిలి యూరపుకు బయల్దేరుతుంది. ఆమె భర్త మజ్ద్ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఆడేవాళ్ళం మనమే మజ్ద్. ఆమె ఫోనులో మెసేజీలు పెడుతుంది, మనం జవాబులివ్వాలి. పడవ ఎక్కాలా వద్దా, ఎవర్ని నమ్మాలి, డబ్బు ఎక్కడ దాచాలి. ఒక్కోసారి గంటల తరబడి ఏ కబురూ ఉండదు. తుపాకీ మన చేతిలో ఉండదు. కథకు 19 ముగింపులున్నాయి, అన్నీ మంచివి కావు. చేసింది ఫ్రాన్సువాళ్ళు. ఒక సిరియా స్త్రీ నిజంగా పంపుకున్న మెసేజీలను ఆధారం చేసుకుని, కూర్చుని విని చేశారు. వినడం చాలని కాదు, కాని అది కరాచీ బోర్డులు గీసినవాళ్ళకు కుదరలేదు. లోపమూ ఉంది. దాన్ని ఉర్దూలోనూ ఆడలేం, తెలుగులోనూ ఆడలేం. ఇంగ్లీషు రాని మా ఆపా తన కొడుకు ఏం చదువుతున్నాడో పక్కనుంచి చూస్తూ కూర్చోవాలి.

ఆ ఆటను మావాడి ఫోనులో ఎక్కించాం. గుండ్లు ఎప్పుడొస్తాయి అని రెండుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు. మూడోరోజు రాత్రి అన్నం దగ్గర, "ఇందులో నా పేరు అడగలేదేం మామూ?" అన్నాడు. అడగరు, ఇందులో నీ పేరు మజ్ద్ అని చెప్పాం. వాడు ఆ పేరు ఒకసారి పలికి చూసుకున్నాడు. మా ఇంటర్ పిల్ల పక్కనుంచి ఫోను లాక్కుని, ఆమె ఎక్కడిదాకా వచ్చింది అంది. టర్కీ దాకా వచ్చిందట. పొద్దుటి నుంచి కబురు లేదని చెప్పి, ఇద్దరూ ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నారు.